ఉన్న బండికి ఖర్చు పెట్టాలా, కొత్త టూరింగ్ బండి కొనాలా? బెంగళూరు నుంచి ఊరెళ్లే రైడర్లకు ఒక లెక్క

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అనంతపురం, కర్నూలు, తిరుపతి, హైదరాబాద్‌లకు బైక్ మీదే వెళ్లొచ్చే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పండగ ముందు రోజు బస్సు టికెట్ ధర చూశాక బండి మీదికి మనసు పోవడం సహజం. అలా నాలుగుసార్లు తిరిగాక దాదాపు అందరికీ ఒకటే సందేహం వస్తుంది. ఉన్న 350 సీసీ బండికి ఓ యాభై వేలు పెట్టి దూరప్రయాణానికి సిద్ధం చేసుకోవాలా, లేక దాన్ని అమ్మేసి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటి టూరింగ్ బండి తీసుకోవాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండిలో కొన్ని డబ్బు పెడితే మారతాయి, కొన్ని ఎంత పెట్టినా మారవు. సీటు, టైర్లు, బ్రేకుల పట్టు, రాత్రి వెలుతురు, సామాను పెట్టుకునే వసతి, గాలి తగలకుండా అడ్డు, ఇవన్నీ మారేవి. ఇంజిన్ బలం, ఫ్రేమ్, సస్పెన్షన్ ఎంత లోతుకు దిగగలదు అన్నది, బండి బరువు, ఇవి మారవు. మీ ఇబ్బంది మొదటి రకందైతే ఉన్న బండికే ఖర్చు పెట్టండి, హాయిగా సరిపోతుంది. రెండో రకందైతే పాత బండి మీద ఇంక ఒక్క రూపాయి కూడా పెట్టకుండా మార్చేయండి. ఎక్కువ నష్టపోయేది మధ్యలో ఉన్నవాళ్లు. నలభై వేలు పెట్టి సైలెన్సర్, ఫిల్టర్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) మార్పించి, అయినా తృప్తి లేక ఏడాది తిరక్కుండా బండి అమ్మేస్తారు.

మీరు వెళ్లే దారి ఏది?

బండి సంగతి తర్వాత, ముందు దారి చూడాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, బాగేపల్లి, పెనుకొండ మీదుగా అనంతపురం సుమారు 215 కిలోమీటర్లు. అదే దారిలో కర్నూలు 360, హైదరాబాద్ 570 దాకా ఉంటుంది. రోడ్డు బాగుంటుంది, టూవీలర్‌కి టోల్ లేదు. నాలుగు వరసల రహదారి మీద మోటార్‌సైకిల్‌కి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, మీటియర్ లాంటి 350లకి ఉన్నది సుమారు 20 హార్స్‌పవరే అయినా, ఆ 80 దగ్గర అవి రోజంతా నెమ్మదిగా గుండె కొట్టుకుంటున్నట్టు పోతూనే ఉంటాయి. అంటే ఈ దారికి ఇంజిన్ చాలకపోవడమన్నది లేదు.

ఈ దారిలో అసలు బాధ గాలి, ఎండ, నడుం. పెనుకొండ ప్రాంతం నుంచి అనంతపురం వైపు పోతుంటే కొండల మీద గాలిమరలు కనిపిస్తాయి. వాటిని అక్కడ ఊరికే పెట్టలేదు. ఆషాఢం గాలుల్లో బండి పక్కకి జరుగుతుంటే హ్యాండిల్ గట్టిగా పట్టుకుని భుజాలు పట్టేస్తాయి. వేసవిలో గుత్తి, డోన్ దాటేసరికి ఎండ మాడ్చేస్తుంది. వీటికి మందు విండ్‌షీల్డ్, మంచి సీటు, గాలి ఆడే జాకెట్. 450 సీసీ ఇంజిన్ కాదు.

తిరుపతి దారి వేరు. కోలార్, ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరాలి. మొత్తం 250 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడ బ్రేకులు, టైర్లు, రాత్రయితే లైట్లు ముఖ్యం. లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, గండికోట లాంటి వారాంతపు ట్రిప్పులకి కూడా ఇదే వర్తిస్తుంది.

మట్టిరోడ్లు, రాళ్లదారులు, స్పితి, లడఖ్ మీ లెక్కలో తరచూ ఉంటే కథ మారిపోతుంది. అక్కడ కావలసింది 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ట్రావెల్, 21 అంగుళాల ముందు చక్రం. వీటిని క్లాసిక్‌కి బిగించే మార్గం లేదు.

పదిహేను వేలలో ఏమొస్తుంది

నన్నడిగితే అందరూ మొదట ఇక్కడే ఆగి, రెండు మూడు ప్రయాణాలు చేసి, ఆ తర్వాతే మిగతాది ఆలోచించాలి.

మొదటి పని ఉచితం. వెనక షాక్ అబ్జార్బర్ల ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) మీ బరువుకి తగ్గట్టు పెట్టించుకోవడం. చాలామంది బండి షోరూం నుంచి వచ్చిన సెట్టింగ్‌లోనే సంవత్సరాల తరబడి తిప్పుతారు. వెనక భార్యో స్నేహితుడో కూర్చుని, దానికి తోడు పది కిలోల బ్యాగు పడగానే వెనక భాగం కుంగిపోతుంది, ముందు చక్రం తేలికవుతుంది, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది. టూల్ కిట్‌లో ఉండే స్పానర్‌తో రెండు మెట్లు తిప్పితే ఈ మూడూ ఒకేసారి సర్దుకుంటాయి. చైన్ బిగువు, టైర్లలో గాలి కూడా మాన్యువల్‌లో ఇద్దరు కూర్చున్నప్పటికి ఇచ్చిన అంకె ప్రకారం పెట్టండి.

తర్వాత సీటు. జేసీ రోడ్, కలాసిపాళ్యం వైపు సీటు పని చేసే షాపులు వరసగా ఉంటాయి. పని మొత్తం రెండు నుంచి నాలుగు వేలలో అయిపోతుంది. కంపెనీ టూరింగ్ సీటైతే నాలుగు నుంచి ఆరు వేలు. కంపెనీది చూడ్డానికి నీటుగా ఉంటుంది, కుట్లలోంచి నీళ్లు దిగవు. కానీ అది సగటు మనిషి కోసం చేసిన సీటు. జేసీ రోడ్డులో చేయించేది మీ కోసం చేసేది, అందుకే నా ఓటు దానికే. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. షాపు అతను పాత ఫోమ్ పైన మెత్తటి షీట్ అతికించి కవర్ వేసేస్తానంటే ఒప్పుకోవద్దు. చేత్తో నొక్కితే మెత్తగా ఉండేది గంట తర్వాత అణిగిపోయి, కింద ప్లాస్టిక్ బేస్ తగులుతుంది. గట్టి ఫోమ్ వేయించుకోండి. ముందుకి జారుతున్నట్టు ఉంటే ట్యాంకు వైపు కొంచెం ఎత్తు పెంచమనండి, తొడలు ఒరుసుకునే చోట అంచులు చెక్కమనండి. కవర్ కుట్టకముందే ఆ ఉత్త ఫోమ్ సీటుని బండి మీద పెట్టించి, పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఎక్కడ ఒత్తుకుంటుందో తెలిసిపోతుంది, అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి మళ్లీ చెక్కిస్తారు. ఈ పది నిమిషాలకి సిగ్గుపడితే కర్నూలు దాకా అనుభవించాల్సిందే.

బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉంటే మంచి రకం ప్యాడ్లు రెండు వేల లోపు వస్తాయి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. ఇది కొన్ని వందల పని. అయినా వేలు పోసి లైట్లు బిగించుకున్న బండ్లలో కూడా ఇది పాతదే ఉంటుంది, చూస్తే బాధేస్తుంది.

సామానుకి మెత్తటి సాడిల్ బ్యాగులో, టెయిల్ బ్యాగో నాలుగు నుంచి ఏడు వేలు. పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు కలిపి రెండున్నర వేలు. ఫోన్ హోల్డర్ కొంటే వైబ్రేషన్ తగ్గించే డ్యాంపర్ ఉన్నదే కొనండి. బైక్ ఇంజిన్ ప్రకంపనలు ఐఫోన్ కెమెరాని పాడుచేయొచ్చని యాపిలే 2021లో హెచ్చరించింది. ఈ హోల్డర్, చార్జర్ కలిపి రెండు, రెండున్నర వేలు.

నలభై, యాభై వేల దాకా పోతే

ఇక్కడ ఎంపికలు నిజంగా కష్టం. ఎందుకంటే కంటికి నచ్చేవీ, ప్రాణం కాపాడేవీ ఒకే ధరలో పక్కపక్కనే ఉంటాయి.

టైర్లకి ఓటేయండి. జత ఎనిమిది నుంచి పన్నెండు వేలు అవుతుంది. అరగలేదు కదా అని అయిదారేళ్ల టైర్‌తో ఊరెళ్లడం మంచిది కాదు, రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఆ అంకె చూసి తీసుకోండి. హైవే మీదే తిరిగేవాళ్లకి పెద్ద గళ్ల ఆఫ్‌రోడ్ టైర్లు అనవసరం. చూడ్డానికి బాగున్నా చప్పుడు చేస్తాయి, త్వరగా అరుగుతాయి, వానలో పట్టు తక్కువ.

స్పోక్ చక్రాలున్న బండ్లకి ట్యూబ్‌లెస్ చేయిస్తామని సీలెంట్, టేపు వేసే షాపులున్నాయి. మూడు నుంచి ఆరు వేలు తీసుకుంటారు. ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్‌కి లోపల టైరు అంచుని పట్టి ఉంచే గట్టు ఉంటుంది, మామూలు ట్యూబ్ రిమ్‌కి అది ఉండకపోవచ్చు. గాలి తగ్గినప్పుడు టైరు రిమ్ నుంచి ఊడే ప్రమాదం అక్కడే. అందుకే ఈ పని నేను వద్దనే చెబుతాను. మీ మోడల్‌కి కంపెనీ అల్లాయ్ చక్రాలు దొరికితే అవి వేయించండి, లేదంటే ఒక స్పేర్ ట్యూబ్ బ్యాగులో పడేసుకోండి.

లైట్ల సంగతికొస్తే, జత అయిదు నుంచి ఎనిమిది వేలు, హార్నెస్ (వైర్ల సెట్టు)తో సహా. ఇక్కడ ధర కంటే బిగించే పద్ధతి ముఖ్యం. ఒక్కోటి 40 వాట్ల లైట్లు రెండు పెట్టారనుకోండి, 80 వాట్లు. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే దాదాపు 6.7 ఆంపియర్లు. ఇంత కరెంటు హ్యాండిల్ మీది చిన్న స్విచ్‌లోంచి లాగితే స్విచ్ కాలుతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఉండాలి, 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి, ఆ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. పని అయ్యాక సీటు ఎత్తించి మీ కళ్లతో చూడండి. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరుకి దగ్గర్లో ఫ్యూజ్ కనిపించకపోయినా, కంపెనీ వైరుని బ్లేడుతో చీల్చి నల్లటేపు చుట్టినట్టు కనిపించినా అక్కడే మళ్లీ చేయించండి. ఆ టేపు ఇంజిన్ వేడికి జిగురు కారి ఊడిపోతుంది. ఆ తర్వాత ఏ అర్ధరాత్రో బాగేపల్లి దగ్గర బండి ఆగుతుంది. లైట్ల ముఖం కిందికి ఉండాలి, ఊళ్లో ఆర్పేయాలి. ఎదుటివాళ్ల కళ్లు చెదిరే ఎల్‌ఈడీ లైట్ల మీద కర్ణాటక పోలీసులు 2024 జూలై నుంచి ప్రత్యేకంగా కేసులు పెట్టడం మొదలుపెట్టారు.

విండ్‌షీల్డ్ రెండు నుంచి అయిదు వేలు. పొడుగుదే మంచిదనుకోకండి. గాలి పైకి లేచి సరిగ్గా హెల్మెట్‌కి కొడితే తల ఊగిపోయి ఇంకా నరకం. వీలైతే మీ ఎత్తున్న స్నేహితుడి బండి మీద పది కిలోమీటర్లు నడిపి చూసి కొనండి. ఇంజిన్ గార్డ్ మూడు, నాలుగు వేలు, పెట్టించుకోవచ్చు. వెనక షాకర్లు మార్చాలంటే ఎనిమిది వేల నుంచి పాతిక వేల దాకా రకరకాలున్నాయి. ప్రీలోడ్ సర్దినా గుంతలో దబ్బుమని కొడుతుంటేనే వీటి జోలికి వెళ్లండి.

మెత్తటి బ్యాగులా, అల్యూమినియం పెట్టెలా అన్నది ఎప్పుడూ నడిచే వాదన. పెట్టెలు, వాటి ఫ్రేములతో కలిపి ముప్ఫై నుంచి యాభై వేలు. తాళం పడుతుంది, వాన దిగదు, హోటల్ ముందు వదిలి భోజనం చేసి రావచ్చు. కానీ ఖాళీగానే బరువు, బండి వెడల్పు పెరుగుతుంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకి అదే బండి మీద వెళ్లేవాళ్లకి నరకయాతన. మెత్తటి బ్యాగులు ఊరొచ్చాక భుజాన వేసుకుని ఇంట్లోకి పోవచ్చు. నెలకోసారి ఊరెళ్లేవాళ్లకి నేను ఎప్పుడూ ఇవే చెబుతాను. బెంగళూరు కంపెనీ వయాటెర్రా చేసే బ్యాగులు ఇక్కడే చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చన్నది అదనపు సౌకర్యం. పెట్టెల ఫ్రేమ్ బిగించేటప్పుడు కొందరు సారీ గార్డ్ తీసేస్తారు. వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది, చీరకట్టుకునో చుడీదార్ వేసుకునో వెనక కూర్చునేవాళ్ల ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది. తీయనివ్వకండి.

ఇవన్నీ కాకుండా మీ ఒంటి మీద వేసుకునేవి ఉన్నాయి. ఐఎస్ఐ ముద్ర ఉన్న మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్ అయిదు వేల నుంచి, ఆర్మర్ (దెబ్బ తగలకుండా ఆపే ప్యాడ్లు) ఉన్న మెష్ జాకెట్ ఎనిమిది వేల నుంచి, గ్లవ్స్ రెండు వేల నుంచి దొరుకుతాయి. వెనక కూర్చునే మనిషికి కూడా ఇదే హెల్మెట్ కొనాలి, రోడ్డు పక్కన అమ్మే టోపీ కాదు. ఇవి ఇంకా కొనకపోతే పైన చెప్పిన లైట్లు, గార్డులు, విండ్‌షీల్డ్ అన్నీ వాయిదా వేసి ముందు వీటికి పెట్టండి. బండి మారినా ఇవి మీతోనే వస్తాయి.

సైలెన్సర్, ఈసీయూ

ఎనిమిది వేల నుంచి నలభై వేల దాకా సైలెన్సర్లు, అయిదు వేల దాకా ఎయిర్ ఫిల్టర్, ఇరవై వేల పైన ఈసీయూ ట్యూనింగ్ బాక్సులు. ఇవన్నీ పెట్టినా 350 ఇంజిన్‌కి వచ్చేది చిటికెడు బలం. హిమాలయన్ 450కి 40 హార్స్‌పవర్ ఉంటుంది, ఆ తేడా ఏ పైపూ పూడ్చదు. పైగా చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి అయిదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. శబ్దం సంగతి మళ్లీ వేరే సెక్షన్. దూరప్రయాణంలో ఆ మోత మీ చెవికే మొదటి శత్రువు. ఈ పద్దు మొత్తం కొట్టేయండి.

అమ్మేసి మార్చాలనుకుంటే

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ వరకు బండ్లకి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకు మించిన వాటికి 40 శాతం అయింది. 350 నుంచి పైకి ఎక్కే మెట్టు ఇప్పుడు బాగా ఎత్తు. దానికి తోడు కర్ణాటకలో లక్ష దాటిన టూవీలర్‌కి జీవితకాల పన్ను 18 శాతం. మూడు లక్షల బండికి పన్నే 54 వేలు, సెస్సులు వేరే. హిమాలయన్ 450 లాంటిది ఇన్సూరెన్స్‌తో కలిపి రోడ్డెక్కేసరికి నాలుగు లక్షల దరిదాపుల్లోకి వెళుతుంది. మీ పాత 350కి లక్షా ఇరవై, ముప్ఫై వచ్చినా, చేతినుంచి రెండున్నర లక్షల పైన పడుతుంది. ఊళ్లో అన్నయ్య పేరు మీద ఆంధ్రాలో రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పుదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాల్సిందే, కాబట్టి అది ఆదా కాదు, వాయిదా.

కొత్త బండే అనుకుంటే కంపెనీ నుంచే హంగులతో వచ్చేదాన్ని చూడండి. బజాజ్ డొమినార్ 400కి 2021 అక్టోబర్ నుంచి పొడుగు విండ్‌స్క్రీన్, హ్యాండ్ గార్డులు, ఇంజిన్ కింద బ్యాష్ ప్లేట్, క్యారియర్, వెనక వాలుకునే బ్యాక్‌రెస్ట్ కంపెనీయే బిగించి ఇస్తోంది. ఇవన్నీ బయట విడిగా కొంటే పదిహేను, ఇరవై వేలు తేలిగ్గా దాటుతుంది, వారంటీ గొడవ వేరే.

తక్కువ మాట్లాడుకునే ఇంకో దారి పాత హిమాలయన్ 411. కొత్తది ఇప్పుడు అమ్మడం లేదు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. 15 లీటర్ల ట్యాంకు, 21 అంగుళాల ముందు చక్రం, 200 మిల్లీమీటర్ల ముందు సస్పెన్షన్, విండ్‌స్క్రీన్, వెనక క్యారియర్, సెంటర్ స్టాండ్, అన్నీ దానితోనే వస్తాయి. మీ 350 అమ్మిన డబ్బుకి ముప్ఫై, నలభై వేలు కలిపితే మంచి 411 వచ్చే అవకాశం ఉంది. అంటే హంగులకి పెట్టాలనుకున్న డబ్బుతోనే బండి మారిపోతుంది. బలం 24 హార్స్‌పవరే, 199 కిలోల బరువు, వేగం ఆశించకూడదు. కానీ మట్టిరోడ్లు ఇష్టపడేవాళ్లకి లెక్కలో దీన్ని మించింది నాకు కనబడలేదు. కొనేముందు హ్యాండిల్ తిప్పే చోట స్టీరింగ్ బేరింగ్ పట్టేస్తోందా, పాత ఓనరు వైరింగ్ చీల్చాడా అన్నవి చూసుకోండి.

ఏడాదికి ఒక్క పెద్ద ట్రిప్పే వెళ్లేవాళ్లయితే అద్దెకు తీసుకోవడం నయం. బెంగళూరులో నల్ల ప్లేటు మీద పసుపు అంకెలతో తిరిగే అద్దె హిమాలయన్‌లు రోజుకి పదిహేను వందల నుంచి రెండున్నర వేలలో దొరుకుతాయి. అయిదు రోజులకి పన్నెండు వేలు అనుకున్నా, బండి మార్చే తేడా డబ్బుతో ఇరవై ట్రిప్పులు వెళ్లొచ్చు. బుక్ చేసేటప్పుడే ఆంధ్రాలోకి తీసుకెళ్లొచ్చా, రోజుకి కిలోమీటర్ల పరిమితి ఉందా అని రాతపూర్వకంగా అడగండి.

ఏ దారి ఎంచుకున్నా, బిగించిన వాటి బిల్లులు దాచి, ఇన్సూరెన్స్ రెన్యువల్ సమయంలో లైట్లు, పెట్టెల్లాంటి ఖరీదైన యాక్సెసరీలు చెప్పి పాలసీలో రాయించుకోండి. చిన్న అదనపు ప్రీమియం పడుతుంది. చెప్పని వస్తువుకి క్లెయిమ్ రాదు. తీసేసిన అసలు సీటు, షాకర్లు, అద్దాలు, వాటి బోల్టులతో సహా మూటగట్టి అటక మీద పెట్టండి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో హంగులకి విడిగా ధర కట్టేవాళ్లు దాదాపు ఉండరు. అమ్మేరోజు కంపెనీ భాగాలు తిరిగి బిగించి, పెట్టిన హంగులు విడిగా అమ్ముకుంటే పెట్టిన దాంట్లో కొంతైనా చేతికొస్తుంది.